నెలనెలా కామిక్స్: జ్ఞాపకమనే ఉమ్మడి పని

అమెరికన్ కామిక్స్ ప్రపంచంలో కథను పాఠకుడికి చేర్చే ప్రధాన సాధనం నెలకొకసారి వెలువడే పలుచని సంచిక. ప్రకటనలు, ఇతర పుటలు పోగా అందులో కథకు దక్కేవి సాధారణంగా 20 నుంచి 22 పుటలు మాత్రమే కాబట్టి, ఒక ఘట్టం పూర్తి కావడానికి అయిదారు సంచికలు, అంటే దాదాపు అర్ధసంవత్సరం పడుతుంది. ఇలాంటి ధారావాహికను ఒక్కదాన్ని అనుసరించడం కష్టమేమీ కాదు. అయితే కామిక్స్‌ను ఇష్టపడి చదివేవారు ఒక్కదానితో ఆగడం అరుదు. పది, ఇరవై, ముప్పై ధారావాహికలను ఏకకాలంలో చదివే పాఠకుడికి కొత్త సంచిక చేతికి రాగానే తర్వాత ఏం జరుగుతుందన్న కుతూహలం కంటే ముందు, ఇంతవరకు ఏం జరిగిందన్న ప్రశ్న ఎదురవుతుంది. ఈ మరపును చాలామంది తమ శ్రద్ధలోని లోపంగా భావించి నొచ్చుకుంటారు. కామిక్స్ చరిత్రను, మనిషి జ్ఞాపకశక్తి గురించి మనస్తత్వశాస్త్రం కనుగొన్న విషయాలను కలిపి పరిశీలిస్తే ఆ నొచ్చుకోలు అనవసరమని తెలుస్తుంది. నెలవారీ కథ మొదటినుంచీ పాఠకుడి మరపును లెక్కలోకి తీసుకుని రూపుదిద్దుకుంది. దానిని గుర్తుంచుకోవడం రచయిత, చిత్రకారుడు, సంపాదకుడు, పాఠకుడు కలిసి చేసే పని.

పావుగంట కథ, నెలరోజుల ఎడం

సమస్య ఎంతటిదో ముందుగా అంకెల్లో చూడవచ్చు. ఇరవై ధారావాహికలు చదివే పాఠకుడి ముందుకు ఏడాదికి 240 సంచికలు, సుమారు 4,800 పుటల కథ వస్తుంది. సంచిక ధర 3.99 డాలర్ల చొప్పున లెక్కిస్తే నెలకు దాదాపు 80 డాలర్లు ఖర్చవుతుంది. ఒక్కో సంచిక చదవడానికి పావుగంట పడుతుందనుకుంటే, ఒక ధారావాహికకు ఏడాది మొత్తంలో దక్కే సమయం మూడు గంటలు, అంటే ఒక పెద్ద సినిమా నిడివి. కానీ ఆ మూడు గంటలు పన్నెండు ముక్కలై, ఒక్కో ముక్కకూ నడుమ నెలరోజుల ఎడంతో, ఆ నెలరోజుల్లో మరో పంతొమ్మిది కథల ముక్కలతో కలగలిసి వస్తాయి. సినిమా మొదట్లో క్షణకాలం కనిపించిన వ్యక్తిని ప్రేక్షకుడు చివరి ఘట్టంలో సునాయాసంగా గుర్తుపడతాడు; కామిక్స్ పాఠకుడు అదే వ్యక్తిని పది నెలల తర్వాత, ఒక్కోసారి వేరొక చిత్రకారుడు గీసిన ముఖంతో గుర్తుపట్టవలసి ఉంటుంది.

దీనికి తోడు ఆ నెలరోజుల వ్యవధి కూడా నమ్మదగింది కాదు. బ్రయన్ కె. వాన్ రాయగా ఫియోనా స్టేపుల్స్ చిత్రించిన ‘సాగా’ 2012లో మొదలై, 2018లో 54వ సంచిక తర్వాత ఆగి, 2022 జనవరిలో గాని తిరిగి రాలేదు; ఆ మూడున్నరేళ్ల విరామం తర్వాత 55వ సంచికను తెరిచిన పాఠకులలో చాలామందికి కథను మొదటినుంచి చదువుకోవడం తప్ప వేరే మార్గం ఉండి ఉండదు. సంచికల సంఖ్యలు సైతం నిలకడగా ఉండవు. 1963లో మొదలైన ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 441 సంచికల తర్వాత 1999లో మళ్లీ ఒకటో సంఖ్యతో ప్రారంభమైంది. 2003లో రెండు వరుసలనూ కలిపి లెక్కించి 500వ సంచికను వెలువరించారు. ఆ తర్వాత కూడా సంఖ్య అనేకసార్లు ఒకటికి తిరిగివచ్చింది. కొత్త పాఠకులను ఆహ్వానించడానికి చేసే ఈ మార్పు వల్ల, పాత పాఠకుడు తాను ఎక్కడ ఆగాడో గుర్తించడానికి పట్టుకోదగిన ఆనవాలు పోతుంది.

ఒక్కడే అన్నీ చదవగలిగిన కాలం

ఈ భారం కామిక్స్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. 1938లో సూపర్‌మ్యాన్‌ను పరిచయం చేసిన ‘యాక్షన్ కామిక్స్’, 1939లో బ్యాట్‌మ్యాన్‌ను పరిచయం చేసిన ‘డిటెక్టివ్ కామిక్స్’ రెండూ ఒక్కో సంచికలో అనేక పాత్రల చిన్న కథలను కలిపి ప్రచురించిన పది సెంట్ల పత్రికలు. వాటిలోని కథ చాలావరకు ఆ సంచికలోనే ముగిసేది. తర్వాతి నెల నాయకుడు మళ్లీ మొదటి స్థితిలోనే కనిపించేవాడు. పాఠకులు పిల్లలనీ, కొన్నేళ్లకు పెద్దవారై వీటిని వదిలేస్తారనీ ఆనాటి సంపాదకులు భావించేవారు గనుక, గత సంచిక గుర్తుండాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. పాత కథనే కొత్తగా మళ్లీ చెప్పినా ఇబ్బంది ఉండేది కాదు.

పరిస్థితి నిర్ణాయకంగా మారింది 1960లలో, మార్వెల్ సంస్థ ద్వారా. రచయిత, సంపాదకుడు స్టాన్ లీ, చిత్రకారులు జాక్ కిర్బీ, స్టీవ్ డిట్కో 1961లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’తో, 1962లో స్పైడర్‌మ్యాన్‌తో మొదలుపెట్టిన కథల్లో పాత్రలు జరిగినదాన్ని మరచిపోవు, ఒకరి పత్రికలో మరొకరు ప్రవేశిస్తారు, ఒక సంచికలో తగిలిన దెబ్బ తర్వాతి సంచికలోనూ నొప్పి పెడుతుంది. పాత సంచికల్లో జరిగినవాటికి కొత్త సంచికలు కట్టుబడి ఉండే ఈ పద్ధతినే కామిక్స్ లోకం కంటిన్యుటీ అని పిలుస్తుంది. వేర్వేరు పత్రికల పాత్రలన్నీ ఒకే ప్రపంచంలో బతకడం, ఆ ప్రపంచానికి ఒకే గతం ఉండటం దీని సారాంశం.

ఈ ప్రయోగం నిలదొక్కుకోవడానికి ఒక వ్యాపార నిర్బంధం కూడా తోడ్పడిందన్నది గమనించదగిన విషయం. 1957లో పంపిణీదారు చేజారిపోవడంతో మార్వెల్ యజమాని మార్టిన్ గుడ్‌మన్ తన ప్రధాన ప్రత్యర్థి డీసీకి చెందిన పంపిణీ సంస్థనే ఆశ్రయించవలసి వచ్చింది; నెలకు సుమారు ఎనిమిది పత్రికలకు మించరాదన్న షరతు మీదే ఆ ఒప్పందం కుదిరింది. ఫలితంగా 1960ల తొలినాళ్లలో ఆ పన్నెండు సెంట్ల పత్రికలన్నిటినీ ఒక కుర్రవాడు కొని, చదివి, గుర్తుంచుకోగలిగేవాడు. వాటన్నిటికీ సంపాదకుడూ ఒక్కడే కాబట్టి, మొత్తం కథాప్రపంచం ఇద్దరి తలల్లోనూ ఇమిడేది. 1968లో ఆ పరిమితి సడలగానే, అంతవరకు ఒకే పత్రికను ఇద్దరేసి పంచుకున్న కెప్టెన్ అమెరికా, ఐరన్ మ్యాన్, హల్క్ వంటి పాత్రలకు విడివిడిగా పత్రికలు వచ్చాయి. అప్పటినుంచి కథాప్రపంచం ఒక మనిషి జ్ఞాపకానికి మించి పెరగడం మొదలైంది. ఆ పెరుగుదల ఎంతవరకు సాగిందో తెలియాలంటే, మార్వెల్ కథాప్రపంచానికి చెందిన 27,000కు పైగా సంచికలను చదివి డగ్లస్ వోల్క్ అనే విమర్శకుడు 2021లో వెలువరించిన ‘ఆల్ ఆఫ్ ది మార్వెల్స్’ గ్రంథాన్ని తలచుకుంటే చాలు. ఆ కథ మొత్తం అయిదు లక్షల పుటలు దాటింది.

సంపాదకుల చేయూత

కథ పెరిగేకొద్దీ, పాఠకుడికి గుర్తుచేసే సాధనాలను సంపాదకులు ఒక్కొక్కటిగా కనిపెడుతూ వచ్చారు. వీటిలో మొదటిది అధస్సూచిక. ఒక పాత్ర గత సంఘటనను ప్రస్తావించినప్పుడు ఆ మాట పక్కన నక్షత్రపు గుర్తు ఉంచి, చిత్రం అడుగున చిన్న పెట్టెలో ఆ సంఘటన ఏ పత్రికలో, ఏ సంచికలో జరిగిందో సంపాదకుడు చెప్పేవాడు. చదివినవారికి అది జ్ఞాపకాన్ని తట్టి లేపేది. చదవనివారికి, ఆ సంచికను వెతకవలసిన అవసరాన్ని తెలిపేది. పాఠకుల లేఖల పుటలు రెండో సాధనమయ్యాయి. కథలో పొరపాటును పట్టుకున్నవారికి, తర్వాతి కాలంలో ఆ పొరపాటు నిజానికి పొరపాటు ఎందుకు కాదో తెలివిగా వివరించినవారికి మార్వెల్ ‘నో ప్రైజ్’ అనే గౌరవం ప్రకటించి, ఖాళీ కవరు పంపేది. కథ సంగతులను సంస్థకంటె బాగా గుర్తుంచుకున్న పాఠకుడిని ఆ కథకు కాపలాదారుగా అంగీకరించడమే ఆ ఖాళీ కవరు విలువ.

ప్రతి సంచికా ఎవరో ఒకరికి మొదటి సంచిక అవుతుందన్న సూత్రాన్ని స్టాన్ లీ బోధించినట్టు చెబుతారు. 1978 నుంచి 1987 వరకు మార్వెల్ ప్రధాన సంపాదకుడిగా ఉన్న జిమ్ షూటర్ దాన్ని కచ్చితమైన నియమంగా అమలు చేశాడు. ప్రతి సంచికలో ప్రతి ముఖ్యపాత్ర పేరు, శక్తి, ప్రస్తుత సంకటం ఏదో ఒక విధంగా పాఠకుడికి తెలియాలి. 1975 నుంచి 1991 వరకు దాదాపు పదహారేళ్లు ‘ఎక్స్‌మెన్’ రాసిన క్రిస్ క్లేర్‌మాంట్ సంచికల్లో ప్రతి పాత్రా తన శక్తి గురించి, తన గతం గురించి పదేపదే చెప్పుకోవడానికి కారణం ఇదే. ఆ సంచికలన్నిటినీ ఇవాళ సంపుటంగా ఒక్కసారి చదివేవారికి ఆ పునరుక్తి విసుగు కలిగించవచ్చు. నెలకొకసారి, పది ఇతర పత్రికల నడుమ చదివినవారికి అదే దారి చూపింది. ఒక సంచికలో నాటిన ఉపకథను ఏళ్ల తరబడి సాగదీయగలిగే సాహసం క్లేర్‌మాంట్‌కు లభించింది కూడా ఈ పునరుక్తి ఇచ్చిన భద్రత వల్లనే.

1980లలో జ్ఞాపకానికి విజ్ఞానసర్వస్వాల రూపం వచ్చింది. కథాసంగతుల మీద అసాధారణమైన పట్టు ఉన్న సంపాదకుడు మార్క్ గ్రూన్‌వాల్డ్ ఆధ్వర్యంలో 1982 చివర మొదలైన మార్వెల్ అధికారిక కరదీపిక పాత్రలన్నిటి జీవితచరిత్రలను అకారాది క్రమంలో ఇవ్వగా, డీసీ 1985లో ‘హూజ్ హూ’ పేరుతో అలాంటి ధారావాహికనే తెచ్చింది. అదే ఏడాది డీసీ మరో విధమైన పరిష్కారాన్ని కూడా ప్రయత్నించింది: మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ రూపొందించిన పన్నెండు సంచికల ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ ద్వారా అర్ధశతాబ్ది కాలపు పరస్పర విరుద్ధ సంఘటనలను ఒక మహాప్రళయంలో కలిపేసి, కథాప్రపంచానికి కొత్త గతాన్ని ఇచ్చింది. అంటే పాఠకుడు మోయలేనంతగా పెరిగిన గతాన్ని ప్రచురణకర్తే దించవలసి వచ్చింది. 2011 సెప్టెంబరులో అదే సంస్థ 52 పత్రికలను ఒకేసారి ఒకటో సంచికతో ప్రారంభించడంలోనూ ఆ ఆలోచనే ఉంది.

చదవవలసిన వరుసను చూపడం ఇంకొక పద్ధతి. 1991లో సూపర్‌మ్యాన్ కథ నాలుగు వేర్వేరు నెలవారీ పత్రికల్లో, వారానికి ఒకటి చొప్పున, ఒకే ప్రవాహంగా సాగుతున్నప్పుడు, ముఖచిత్రం మీద చిన్న త్రిభుజంలో ఆ సంవత్సరపు క్రమసంఖ్యను ముద్రించేవారు. పత్రిక పేరు ఏదైనా, పాఠకుడు ఆ త్రిభుజం సంఖ్యను అనుసరిస్తే సరిపోయేది. 1992 నవంబరులో అమ్మకానికి వచ్చిన సూపర్‌మ్యాన్ మరణం సంచికకు చేరే కథ ఈ ఏర్పాటులోనే నడిచింది. 2019లో జోనథన్ హిక్‌మన్ రాసిన ‘హౌస్ ఆఫ్ ఎక్స్’, ‘పవర్స్ ఆఫ్ ఎక్స్’ జంట ధారావాహికలు మరింత ముందుకు వెళ్లి, పన్నెండు సంచికల వరుసను ప్రతి సంచిక చివరా పట్టికగా ఇచ్చి, అతిముఖ్యమైన సంచికలను ఎరుపు రంగుతో గుర్తించాయి. నడుమ నడుమ కథాప్రపంచపు వివరాలను పటాలుగా, పట్టికలుగా అందించాయి. ఇక 2000ల తొలి సంవత్సరాలనుంచి విస్తృతంగా వాడుకలోకి వచ్చిన ‘జరిగిన కథ’ పుట, అంటే మొదటి పుటలోనే గత సంచికల సారాన్ని కొద్ది వాక్యాల్లో చెప్పే ఏర్పాటు, ఇవాళ ఈ సాధనాలన్నిటిలోకీ సాధారణమైనది.

తెలుగు పాఠకులకు ఈ ఏర్పాటు ఏమాత్రం కొత్త కాదు. 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ‘చందమామ’ మాసపత్రికలో, 1954లో ‘తోకచుక్క’తో మొదలై దాసరి సుబ్రహ్మణ్యం కలం నుంచి రెండు దశాబ్దాలకు పైగా వెలువడిన సాహస ధారావాహికలు ప్రతి నెలా గత భాగపు సంగ్రహంతోనే ఆరంభమయ్యేవి, చిత్రా గీసిన బొమ్మల్లో పాత్రల రూపురేఖలు నెలనెలా ఒకేలా నిలిచి పాఠకుడి జ్ఞాపకానికి ఊతమిచ్చేవి. అదే పత్రికలో మరొక పక్కన బేతాళ కథలుండేవి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడవడం, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయడం అనే చట్రం ఎన్నడూ మారదు; లోపలి కథ మాత్రం ఆ నెలలోనే ముగుస్తుంది. ఏ నెల పత్రిక తప్పిపోయినా బేతాళ కథకు నష్టం లేదు, ధారావాహికకు ఉంది. కామిక్స్ చరిత్రలో 1961కి ముందువెనుకల రెండు పద్ధతులూ ‘చందమామ’లో పక్కపక్కనే ఉన్నాయనవచ్చు. వారపత్రికల్లోని సీరియల్ పుటలను చింపి దాచి, ముగిసిన తర్వాత బైండు చేయించుకున్న తెలుగు గృహిణులు కూడా, ముక్కలుగా వచ్చిన కథను అఖండంగా తిరిగి చదవవలసిన అవసరాన్ని తమ అనుభవంతోనే గుర్తించినవారు.

ముక్కలుగా చెప్పే కథల సంప్రదాయం అంతకంటె పాతది. చార్లెస్ డికెన్స్ 1836లో ‘పిక్‌విక్ పేపర్స్’ మొదలుకొని అనేక నవలలను షిల్లింగు ధరకు నెలవారీ భాగాలుగా వెలువరించాడు. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో తన వినయాన్ని పదేపదే చెప్పుకునే యూరయా హీప్ వంటి పాత్రలకు ఒక్కొక్క ఊతపదం, ఒక్కొక్క చేష్ట అంటిపెట్టుకుని ఉండటం వల్ల, నెల తర్వాత మొదటి వాక్యంలోనే పాఠకుడు వారిని గుర్తుపట్టేవాడు. రచయితకే జ్ఞాపకసాధనం అవసరమైంది కూడా: తన తర్వాతి నవలల్లో నెలవారీ భాగాలకు డికెన్స్ ఒక్కో కాగితాన్ని రెండుగా విభజించి, ఒక పక్క తనకు తాను వేసుకునే ప్రశ్నలను, మరొక పక్క అధ్యాయాల విషయాలను రాసుకునేవాడు. సూపర్‌హీరోల దుస్తులు, రంగులు, ఛాతీమీది చిహ్నాలు చేసేది ఆ ఊతపదాలు చేసిన పనే. చిత్రకారుడు మారి ముఖం మారినా దుస్తులు సాధారణంగా మారవు.

మరపు ఎలా పనిచేస్తుంది

సంపాదకులు అనుభవంతో చేసిన ఈ ఏర్పాట్ల వెనుక ఉన్న కారణాలను మనస్తత్వశాస్త్రం విడిగా కనుగొన్నది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షరసముదాయాలను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మరపు మొదట్లో చాలా వేగంగా, ఆ తర్వాత క్రమంగా నెమ్మదిగా జరుగుతుంది. ఒకే పాఠాన్ని ఒక్క బిగిన చదవడం కంటే విరామాలతో పలుమార్లు చదివితే అది ఎక్కువ కాలం నిలుస్తుంది. అంటే మొదటి సంచిక చదివిన తర్వాతి కొద్ది రోజుల్లోనే దాని వివరాలు చాలావరకు జారిపోవడం శ్రద్ధాలోపం కాదు, స్మృతి స్వభావం. అయితే అర్థమున్న కథ అక్షరసముదాయం కంటే మెరుగ్గా నిలుస్తుంది. 1932లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తన ‘రిమెంబరింగ్’ గ్రంథంలో చూపినట్టు, మనిషి కథను ఉన్నదున్నట్టు దాచుకోడు. దాని ఆకారాన్ని మాత్రం పట్టుకుని, తక్కిన వివరాలను తనకు తెలిసిన లోకానికి అనుగుణంగా మళ్లీ కట్టుకుంటాడు. ఈ కారణం చేతనే కథానాయకుడి లక్ష్యం, శత్రువు, ప్రమాదం గుర్తుండి, ఊరి పేరు, ఉపపాత్ర పేరు పోతాయి.

అనేక ధారావాహికలను కలిపి చదివేవారికి ఎదురయ్యే ప్రత్యేకమైన చిక్కును శాస్త్రజ్ఞులు స్మృతి సంఘర్షణగా వర్ణిస్తారు. ఒకే తరహా విషయాలు అనేకం నేర్చుకున్నప్పుడు ఒకదాని జ్ఞాపకం మరొకదాన్ని అడ్డుకోవడమే ఇది. బ్యాట్‌మ్యాన్ పాల్గొనే మూడు పత్రికలను ఒకే రాత్రి చదివినవారికి, నెల గడిచాక ఏ సంఘటన ఏ పత్రికలోదో తేల్చుకోవడం కష్టమవుతుంది. ఒక బ్యాట్‌మ్యాన్ కథ, ఒక చారిత్రక కథ, ఒక భయానక కథ చదివినవారికి ఆ చిక్కు తక్కువ. పాత్ర, ఊరు, రంగులు, శత్రువులు ఒకే తీరుగా ఉన్న కొద్దీ సంఘర్షణ పెరుగుతుంది.

నెలరోజుల ఎడం పూర్తిగా శత్రువేనా అన్న ప్రశ్నకు ఆశాజనకమైన సమాధానం ఉంది. టెలివిజన్ ధారావాహిక మీద మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, భాగాలన్నిటినీ ఒకే రోజు చూసినవారికి మర్నాడు ఎక్కువ గుర్తున్నప్పటికీ, 140 రోజుల తర్వాత వారి జ్ఞాపకమే ఎక్కువగా క్షీణించింది; వారానికి ఒక భాగం చొప్పున చూసినవారిలో ఆ క్షీణత తక్కువగా కనిపించింది. అధ్యయనం చిన్నదే అయినా, ఎబింగ్‌హాస్ కాలంనుంచి తెలిసిన సూత్రంతో అది సరిపోతుంది. విరామం మరిపిస్తుంది, కానీ విరామం తర్వాత గుర్తుచేసుకోవడానికి చేసే ప్రయత్నం జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రకటించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికంటే, ఒకసారి చదివి తర్వాత చూడకుండా గుర్తుచేసుకునే ప్రయత్నం చేసినవారికి వారం గడిచాక ఎక్కువ విషయాలు నిలిచాయి.

పాఠకుడి వంతు

ఈ పరిశోధనల నుంచి పాఠకుడు పాటించదగిన కొన్ని పద్ధతులు సహజంగానే తేలతాయి. వాటిలో మొదటిది, అన్నిటికంటే తేలికైనది, కొత్త సంచిక తెరవడానికి ముందు ఒక్క నిమిషం ఆగి, గత సంచిక ఎక్కడ ముగిసిందో, ఎవరు ఏ సంకటంలో ఉన్నారో తనంత తానుగా తలచుకోవడం. ఆ తర్వాతనే ‘జరిగిన కథ’ పుటను చదవాలి. ముందే ఆ పుట చదివితే సమాచారం అందుతుంది, జ్ఞాపకం మాత్రం బలపడదు. తలచుకున్నది తప్పైనా నష్టం లేదు. తప్పును సరిదిద్దుకున్న వివరం మనసులో లోతుగా నాటుకుంటుంది.

రెండో పద్ధతి గత సంచిక చివరి నాలుగైదు పుటలను తిరగేయడం. మొత్తం సంచికను మళ్లీ చదవడానికి తీరిక లేని పాఠకుడికైనా ఇది రెండు నిమిషాల పని. ఇది సాధ్యపడాలంటే పాత సంచికలు చేతికందాలి. కామిక్స్ సేకర్తలు సంచికలను గట్టి అట్టతో కలిపి ప్లాస్టిక్ సంచిలో ఉంచి, రెండు మూడు వందలు పట్టే పొడవాటి పెట్టెల్లో వరుసగా పేర్చుకుంటారు. సంరక్షణకు అది మంచిదే అయినా, పెట్టె అడుగున చేరిన సంచికను తీసి చదవడం జరగదు. నడుస్తున్న ప్రతి ధారావాహికలోనూ చివరి రెండు మూడు సంచికలను విడిగా బల్లమీద ఉంచుకుని, ఘట్టం ముగిశాక పెట్టెలోకి చేర్చడం మేలు.

మూడోది రెండు వాక్యాల నమోదు. సంచిక ముగించగానే ఒక నోటుపుస్తకంలో ఈ సంచికలో మారినదేమిటి, తేలకుండా మిగిలిన ప్రశ్న ఏమిటి అన్న రెండు విషయాలను మాత్రమే రాసుకోవాలి. కథ మొత్తాన్ని రాయబోతే ఆ శ్రమ ఎంతో కాలం సాగదు. మార్పు, ప్రశ్న అన్న రెండిటినీ విడదీసి ఆలోచించడంలోనే కథ ఆకారం మనసుకు పట్టుబడుతుంది. ఏ సంచికలు కొన్నాడో, ఏవి చదివాడో గుర్తుంచే పని కోసం లీగ్ ఆఫ్ కామిక్ గీక్స్ వంటి వేదికలు, 1994 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మిస్తున్న గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ వంటి సూచికలు ఎంతగానో ఉపకరిస్తాయి. అయితే జాబితా ఏం చదివారో చెబుతుంది గాని, చదివినది ఏమనిపించిందో చెప్పదు; ఆ రెండు వాక్యాల స్థానాన్ని అది భర్తీ చేయలేదు.

నాలుగోది చదివే క్రమాన్ని పాఠకుడే నిర్ణయించుకోవడం. అమెరికాలో కొత్త కామిక్స్ ప్రధానంగా బుధవారం దుకాణాలకు చేరతాయి. వచ్చినవన్నీ ఆ రాత్రే పూర్తిచేయాలన్న ఆత్రం స్మృతి సంఘర్షణకు దారితీస్తుంది. ఒకే తరహా పత్రికలను వేర్వేరు రోజులకు పంచుకుని, ఒక్కో పూట ఒకదానికొకటి పోలికలేని రెండింటిని చదివితే ప్రతి కథా తన చోటును తాను నిలుపుకుంటుంది. పాత్రలు ఎక్కువై అల్లిక చిక్కగా ఉన్న ధారావాహికలను ఘట్టం పూర్తయ్యేదాకా పోగుచేసి ఒకేసారి చదవడం, ఒక్కో సంచికలో కొంతైనా ముగింపు ఇచ్చేవాటిని నెలనెలా చదవడం మరొక తెలివైన విభజన. ఘట్టం ముగిశాక కొంత ఎడమిచ్చి మొత్తం ఒకసారి తిరిగి చదివితే, నెలవారీ చదువులో కనిపించని సూచనలు, ముందే నాటిన బీజాలు బయటపడతాయి. కథాశిల్పం తెలిసేది ఈ రెండో చదువులోనే.

ఎన్ని చదవాలి

పద్ధతులు ఎన్ని ఉన్నా, జ్ఞాపకానికి హద్దుంది కాబట్టి సంఖ్యను ఎంచుకోవలసిన బాధ్యత పాఠకుడి మీద ఉంటుంది. ఇక్కడ కామిక్స్ వ్యాపారపు తీరు ఎంపికను కష్టతరం చేస్తుంది. 1970లలో ఫిల్ సూలింగ్ మొదలుపెట్టిన ఏర్పాటు ప్రకారం, ప్రత్యేక కామిక్స్ దుకాణాలు మిగిలిన ప్రతులను తిరిగి ఇచ్చే వీలు లేకుండా, ఎక్కువ తగ్గింపు ధరకు ముందుగానే కొనుగోలు చేస్తాయి. అందువల్ల దుకాణదారుకు ఏ సంచికలు ఎన్ని అమ్ముడవుతాయో నెలలముందే అంచనా ఉండాలి. తనకు కావలసిన పత్రికలను పాఠకుడు దుకాణదారుకు ముందే చెప్పి తన పేర తీసి ఉంచమనే జాబితాను పుల్ లిస్ట్ అంటారు. ఆ జాబితాలో చేర్చడం ఎంత తేలికో, తీసేయడం అంత కష్టం. చాలా ఏళ్లుగా చదువుతున్న పత్రికను వదలాలంటే పాఠకుడికి అపరాధభావం కలుగుతుంది. అంతా సంపుటాల కోసం వేచి ఉంటే నెలవారీ అమ్మకాలు పడిపోయి, సంపుటం రాకముందే ధారావాహిక ఆగిపోవచ్చన్న భయమూ న్యాయమైనదే.

ఈ రెండు ఒత్తిళ్ల నడుమ పాఠకుడికి నమ్మదగిన కొలమానం జ్ఞాపకమే. ఒక ధారావాహికలో గత సంచికను ఎంత తలచుకున్నా గుర్తు రాక, తిరగేసి చూసినా దాని మీద ఆసక్తి కలగక, వరుసగా మూడు నాలుగు నెలలు అలాగే గడిస్తే, ఆ పత్రికను అలవాటు కొనిపిస్తోందని అర్థం చేసుకుని జాబితానుంచి తీసివేయడం న్యాయం. వివరాలు మరచిపోయినా, గత సంచికను తెరవగానే మళ్లీ మొదటినుంచి చదవాలనిపించే పత్రిక ఎంత ఆలస్యంగా వచ్చినా, సంఖ్య ఎన్నిసార్లు ఒకటికి తిరిగినా, నిలుపుకోదగినది. ఆ విధంగా ఎంచుకున్న ఏడెనిమిది ధారావాహికలను శ్రద్ధగా చదివి, తలచుకుని, తిరిగి చదివిన పాఠకుడు, ముప్పైటిని వెంటాడి ఏదీ నిలుపుకోలేనివాడి కంటే ఎక్కువ కథను తనదిగా చేసుకుంటాడు. నెలకు ఇరవై పుటలు చొప్పున ఏళ్ల తరబడి రాసి, గీసి పంపినవారి శ్రమకు అతడు చూపగలిగిన గౌరవం కూడా అదే.